ఉప్పల్ టెస్టులో 190 పరుగుల ఆధిక్యం కరిగిపోవడంలో పిచ్ పాత్ర ఎంత?

ఉప్పల్ ప్రేక్షకురాలు

2024 జనవరి 28, ఆదివారం. మా అబ్బాయిని తీసుకుని ఉప్పల్ స్టేడియానికి వెళ్లాను. టెస్టు మ్యాచ్‌ను మైదానంలో కూర్చుని చూడటం వాడికి అదే మొదటిసారి. మొదటి ఇన్నింగ్స్‌లో ఇంగ్లండ్ 246 చేస్తే మనవాళ్లు 436 చేశారు. శనివారం ఇంగ్లండ్ రెండో ఇన్నింగ్స్‌లో 163 పరుగులకే ఐదు వికెట్లు పోయాయి, అప్పటికి ఇంకా 27 పరుగులు వెనకే ఉన్నారు. ఆట ఆ రోజే ముగిసిపోతుందేమో, ఆదివారానికి కొన్న టికెట్లు వృథా అవుతాయేమో అని మావాడు బెంగపెట్టుకున్నాడు.

ఆదివారం ఏం జరిగిందో మీకందరికీ తెలుసు. ఒలీ పోప్ 196 పరుగులు చేసి అవుటయ్యాడు. ఇంగ్లండ్ స్కోరు 420కి చేరింది. మనకు 231 లక్ష్యం. 119కే ఏడు వికెట్లు పోయాయి. కేఎస్ భరత్, అశ్విన్ కలిసి 57 పరుగులు జోడించినంతసేపూ మా వరుసలో ఎవరూ సరిగా కూర్చోలేదు. చివరికి సిరాజ్ క్రీజు వదిలి ముందుకొచ్చి స్టంపౌట్ అయ్యాడు. 28 పరుగుల తేడాతో ఓడిపోయాం. మొదటి టెస్టు ఆడుతున్న ఇంగ్లండ్ స్పిన్నర్ టామ్ హార్ట్‌లీ 62 పరుగులిచ్చి 7 వికెట్లు తీశాడు. మెట్రోలో తిరిగి వస్తున్నంతసేపూ మావాడు ఒక్క మాట మాట్లాడలేదు.

ఇప్పటికీ ఏ టెస్టు వచ్చినా మా ఇంట్లో ఆ చర్చ మొదలవుతుంది. నాలుగో రోజు పిచ్ పాడైపోయింది, అందుకే ఓడామని మా మరిది అంటాడు. మరి పోప్ అంతకుముందు సాయంత్రం వరకు, ఆదివారం ఉదయం కూడా అదే పిచ్‌పై ఆడాడు కదా అని మావాడు అడుగుతాడు. ఆ వెంటనే విశాఖపట్నంలో జరిగిన తరువాతి టెస్టులో మనం 106 పరుగులతో గెలిచాం. అక్కడ ఎక్కువ వికెట్లు తీసింది స్పిన్నర్ కాదు, బుమ్రా. రెండూ మన తెలుగు నేలలే. ఆటలో ఇంత తేడా ఎందుకు? ఎర్రమట్టి పిచ్, నల్లమట్టి పిచ్ అని వ్యాఖ్యాతలు అంటుంటారు, అంటే ఏమిటి?

నేను బ్యాంకు ఉద్యోగిని. మా నాన్నగారి రేడియో పక్కన కూర్చుని ఆట నేర్చుకున్నాను తప్ప మైదానంలో ఆడినదాన్ని కాదు. పిల్లవాడికి అర్థమయ్యేలా చెప్పగలిగేవారు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.

సాగరతీరం

నాది విశాఖపట్నం. మా ఊళ్లో జరిగిన మూడు టెస్టులూ (2016, 2019, 2024) నేను స్టేడియంలోనే చూశాను. నా సమాధానం సూటిగా చెబుతాను. ఉప్పల్‌లో ఓటమికి పిచ్ కారణం కాదు.

మొదటి ఇన్నింగ్స్ చూడండి. జైస్వాల్ 80, రాహుల్ 86, జడేజా 87. నిలదొక్కుకున్నవాళ్లు ముగ్గురు, సెంచరీ చేసినవాడు ఒక్కడూ లేడు. వాళ్లలో ఒక్కరు 150 చేసి ఉంటే ఇంగ్లండ్‌కు తిరిగి లేచే దారే ఉండేది కాదు. ఇక పోప్ 110 దగ్గర ఉండగా బ్యాక్‌వర్డ్ పాయింట్‌లో అక్షర్ పటేల్ క్యాచ్ వదిలేశాడు. ఆ తరువాత పోప్ ఇంకో 86 పరుగులు చేశాడు. మనం ఓడింది 28తో. క్యాచ్ జారింది చేతుల్లోంచి, పిచ్‌లోంచి కాదు.

2019 అక్టోబరులో దక్షిణాఫ్రికాతో జరిగిన టెస్టు చివరి రోజు గురించి కూడా చెప్పాలి. నేను వికెట్లకు సూటిగా ఉన్న గ్యాలరీలో కూర్చున్నాను. షమీ బవుమాకు వేసిన బంతి లేవనే లేదు, నేలను అంటిపెట్టుకుని వెళ్లి వికెట్లను తాకింది. ఆ తరువాత డు ప్లెసి బౌల్డ్, డికాక్ బౌల్డ్. 70 పరుగులకు ఎనిమిది వికెట్లు పోయాయి. మా పక్కన కూర్చున్న పెద్దాయన, ఇది ఆడదగ్గ పిచ్ కాదని తేల్చేశారు. ఆయన ఆ మాట అన్నాక ఏం జరిగిందో తెలుసా? పదో స్థానంలో వచ్చిన పీట్ 56 పరుగులు చేశాడు. ముత్తుసామి 49తో అజేయంగా నిలిచాడు. ఇద్దరూ తొమ్మిదో వికెట్‌కు 91 పరుగులు జోడించారు. అదే రోజు, అదే పిచ్. ఆడదగ్గది కాకపోతే బౌలర్‌గా జట్టులో ఉన్నవాడు అర్ధసెంచరీ ఎలా చేశాడు?

షమీ ఆ రోజు ప్రతి బంతినీ వికెట్లపైకే వేశాడు. 35 పరుగులకు 5 వికెట్లు ఊరికే రాలేదు. బాగా ఆడినవాడిని మెచ్చుకోవడం మాని నేలను పొగడటం, బాగా ఆడనివాడిని అడగడం మాని నేలను తిట్టడం నాకు నచ్చదు.

రేగడి మాస్టారు

అమ్మా, మీ ప్రశ్న చూశాక జవాబు రాయకుండా ఉండలేకపోయాను. నేను గుంటూరు దగ్గర ఒక కాలేజీలో 22 ఏళ్లు వ్యాయామ అధ్యాపకుడిగా పనిచేసి రిటైరయ్యాను. మా మైదానంలో ఉన్న ఒకే ఒక్క మట్టి పిచ్‌ను మా తోటమాలితో కలిసి నేనే చూసుకునేవాణ్ణి. మాది నల్లరేగడి నేల, మా నాన్నగారు పత్తి రైతు. పిచ్ గురించి నాకు తెలిసిన దాంట్లో సగం ఆయన పొలంలో నేర్చుకున్నదే.

సాగరతీరం గారు ఇచ్చిన లెక్కలన్నీ నిజం. వాటి నుంచి ఆయన తేల్చిన మాటను మాత్రం నేను ఒప్పుకోను. ఒకే పిచ్ అని ఆయన పదేపదే అంటున్నారు. నేల సంగతి తెలిసినవాళ్లెవరూ ఆ మాట అనరు. ఉదయం నాగలి సాగే చేను మధ్యాహ్నానికి గట్టిపడుతుంది. పదును దాటిన నేలను నిన్నటి నేలే అని ఏ రైతూ అనడు. పిచ్ కూడా అంతే, 22 గజాల పొడవు, పది అడుగుల వెడల్పున్న చిన్న చేను.

పిచ్ తయారు చేయడమంటే ముఖ్యంగా తేమను అదుపులో పెట్టడం. ముందు బాగా నీళ్లు పెట్టి నేలను లోపలిదాకా తడపాలి. తరువాత ఎండనిస్తూ, రోజూ రోలర్ తిప్పుతూ ఆ మట్టిని గట్టిగా అణచాలి. తేమ ఎక్కువుంటే మట్టి రోలర్‌కు అంటుకుని లేచివస్తుంది. తక్కువైతే ఎంత బరువైన రోలర్ తిప్పినా పైపైనే నున్నగా అవుతుంది, లోపల అణగదు. ఆ మధ్య పదును కొన్ని గంటలే ఉంటుంది. మేము బొటనవేలితో నొక్కి చూసేవాళ్లం. గోరు దిగి, మట్టి మాత్రం వేలికి అంటకపోతే అది సమయం. పచ్చిక ఎంత ఉంచాలన్నది ఆ తరువాతి నిర్ణయం. పైకి కనిపించే పచ్చదనం కన్నా కింద ఉన్న వేళ్లు ముఖ్యం. మట్టిని పట్టి ఉంచేవి అవే.

ఇక మట్టి రంగు. నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోయి నెర్రెలు విచ్చుతుంది. తేమను చాలాకాలం పట్టి ఉంచుతుంది. దానిపై బంతి కాస్త నెమ్మదిగా, తక్కువ ఎత్తులో వస్తుంది. ఎర్రమట్టి అంతగా ఉబ్బదు, త్వరగా ఆరుతుంది, బాగా అణచితే బంతి ఎత్తుగా లేస్తుంది. అదే ఎర్రమట్టి మరీ ఎండితే పైపొర పొడిగా రాలిపోతుంది, అప్పుడు బంతి తిరుగుతూనే పైకి లేస్తుంది. రెంటికీ మధ్య ఎన్నో మిశ్రమాలున్నాయి. ఒకే మైదానంలో పక్కపక్కన ఉన్న పిచ్‌లు కూడా వేర్వేరుగా ఉంటాయి. 2021 ఫిబ్రవరిలో చెన్నై చేపాక్‌లో మొదటి టెస్టులో ఇంగ్లండ్ 578 చేసి, రూట్ ఒక్కడే 218 చేసి, 227 పరుగులతో గెలిచింది. మూడు రోజుల విరామం తరువాత అదే మైదానంలో మరో పిచ్‌పై మనం 317 పరుగులతో గెలిచాం. ఆటగాళ్లు దాదాపు వాళ్లే. కాబట్టి ఉప్పల్‌కు, విశాఖకు తేడా ఎందుకని ఆశ్చర్యపోనక్కర్లేదు.

తప్పు జరిగితే ఏమవుతుందో నా అనుభవంలోంచే చెబుతాను. ఒక ఫిబ్రవరిలో రెండు రోజుల అంతర కళాశాలల మ్యాచ్. అంతకుముందు వారమంతా ఎండ దంచేసింది. పిచ్‌పై నెర్రెలు చూసి భయపడి, ముందురోజు సాయంత్రం నేనే నీళ్లు చల్లించాను. మాలి వద్దన్నాడు, వినలేదు. ఉదయం పైపొర మెత్తగా ఉంది. బంతి పడ్డ చోటల్లా నాణెం అంత గుంట పడింది. మధ్యాహ్నానికి ఎండ ఎక్కి ఆ గుంటలన్నీ అలాగే గట్టిపడ్డాయి. ఇక ఏ బంతి ఏ గుంట అంచున పడుతుందో ఎవరికి తెలుస్తుంది? మా ఎదుటి జట్టు ఓపెనర్, మంచి ఆటగాడు, మామూలు లెంగ్త్ బంతికి ముందుకాలు వేశాడు. అది ఎగిరి అతని మెడ పక్క ఎముకకు తగిలింది, ఎముక విరిగింది. ఆ కుర్రవాడి తప్పు అణువంతైనా లేదు, బౌలర్ ప్రతిభా లేదు. తప్పు నాది. అప్పటి నుంచి ఎవరైనా పిచ్‌కు ఆటలో పాత్ర లేదంటే ఆ కుర్రవాడి ముఖం గుర్తొస్తుంది.

ఇప్పుడు ఉప్పల్‌కు వద్దాం. అక్కడి పిచ్ మొదటి రోజు నుంచే తిరిగింది, కానీ నెమ్మదిగా తిరిగింది. మీ అబ్బాయి ప్రశ్నకు జవాబు ఆ ‘నెమ్మదిగా’ అన్న మాటలో ఉంది. బంతి పిచ్‌పై పడ్డాక ఆగి వస్తే స్వీప్ (మోకాలు వంచి, బ్యాట్‌ను అడ్డంగా తిప్పి కొట్టడం) చేసేవాడికి సమయం దొరుకుతుంది. పోప్ స్వీప్, రివర్స్ స్వీప్ ఆడుతూ బంతి తిరగడానికి ముందే దాన్ని కొట్టాడు, మన బౌలర్లు ఒక లెంగ్త్‌లో (బంతి పడే దూరంలో) కుదురుకోకుండా చేశాడు. మనవాళ్లలో ఎక్కువమంది క్రీజులో ఉండి బంతి ఎటు తిరుగుతుందో చూసి ఆడాలనుకున్నారు. హార్ట్‌లీ పొడగరి, ఎత్తు నుంచి వేగంగా వేస్తాడు. నాలుగో రోజు అలాంటివాడికి అలా ఆడితే ఒక బంతి తిరుగుతుంది, తరువాతిది తిరగకుండా సూటిగా వచ్చి ప్యాడ్‌కు తగులుతుంది. మీ మరిది గారు చెప్పినది సగం నిజం, మీ అబ్బాయి అడిగినది సగం నిజం. పిచ్ కష్టంగానే ఉంది. ఆ కష్టానికి సరిపోయే ఆట ఒకటుంది, దాన్ని ఆడింది పోప్.

ఇంగ్లండ్ కెప్టెన్ స్టోక్స్ టాస్ గెలిచి బ్యాటింగ్ తీసుకున్న సంగతి కూడా మరిచిపోకూడదు. చివరి ఇన్నింగ్స్ మన మెడకు చుట్టుకుంది ఆ క్షణంలోనే. మొదటి రెండు రోజుల్లో పరుగు చవక, నాలుగో రోజు పరుగు ప్రియం. చవకగా దొరికినప్పుడు 436 దగ్గర ఆగడమే మన పొరపాటు. ఇందులో సాగరతీరం గారితో నాకు పేచీ లేదు.

విశాఖ టెస్టు నాకు మరీ ఇష్టం. బుమ్రా మొదటి ఇన్నింగ్స్‌లో 45 పరుగులకు 6 వికెట్లు తీశాడు. పోప్‌కు వేసిన యార్కర్ గుర్తుందా? రెండు వికెట్లు నేలకూలాయి. గాలిలో లోపలికి వంగి పాదాల దగ్గర దూరిన బంతికి పిచ్‌తో పనేమిటని అనిపిస్తుంది. కానీ ఆ బంతిని అలా తయారు చేసింది ఆ ఎండిన గరుకు నేలే. ఒకవైపు గీసుకుపోయి, రెండోవైపు ఆటగాళ్లు తుడిచి తుడిచి నున్నగా ఉంచిన పాత బంతి, బుమ్రా వేగంతో వేస్తే రివర్స్ స్వింగ్ అవుతుంది, అంటే గాలిలో మామూలుకు వ్యతిరేక దిశలో వంగుతుంది. పచ్చిక ఒత్తుగా ఉన్న మెత్తటి మైదానంలో బంతి అంత త్వరగా గీసుకుపోదు. అంటే, స్పిన్నర్ల కోసం ఎండబెట్టిన నేల మన ఫాస్ట్ బౌలర్‌కూ పనికొచ్చింది.

బౌలర్ల కాలిగుర్తుల సంగతి కూడా చెప్పాలి. కుడిచేతి ఫాస్ట్ బౌలర్ బంతి వేశాక అతని కాళ్లు పడే చోట మట్టి లేచిపోతుంది. అది అవతలి ఎండ్ నుంచి వచ్చే బంతికి కుడిచేతి బ్యాటర్ లెగ్‌స్టంప్ బయట, ఎడమచేతి బ్యాటర్ ఆఫ్‌స్టంప్ బయట పడుతుంది. 2001లో కోల్‌కతాలో షేన్ వార్న్ ఆ గరుకులోకే వేస్తుంటే, మన హైదరాబాద్ లక్ష్మణ్ ముందుకొచ్చి ఒకసారి కవర్స్ మీదుగా, ఇంకోసారి మిడ్‌వికెట్ వైపు కొట్టాడు. ఫాలోఆన్ ఆడుతూ, నాలుగో రోజంతా అతనూ ద్రవిడ్ ఒక్క వికెట్ కూడా ఇవ్వలేదు. లక్ష్మణ్ 281, ద్రవిడ్ 180, భాగస్వామ్యం 376. మరునాడు హర్భజన్ అదే నేలపై ఆస్ట్రేలియాను కూల్చాడు. మీ నాన్నగారి రేడియోలో మీరు అది విని ఉంటారు.

ఆ కోల్‌కతా పిచ్ లాంటిదే నా దృష్టిలో మంచి పిచ్. ఓపిక ఉన్న బ్యాటర్‌కూ దారి ఉంది, నేర్పున్న బౌలర్‌కూ దారి ఉంది, రోజురోజుకూ మారింది. నాకు బాధ, కోపం కలిగేది మొదటి రోజే దుమ్ము లేచే పిచ్‌లు చూసినప్పుడు. అలాంటి పిచ్ మన స్పిన్నర్లకు వరమని అందరూ అనుకుంటారు. నేను సరిగ్గా దానికి వ్యతిరేకంగా నమ్ముతాను. అశ్విన్, జడేజా లాంటివాళ్లు మంచి పిచ్‌పై గంటల తరబడి గాలిలో, కోణంలో, వేగంలో తేడాలు చూపించి వికెట్ తీస్తారు, అది అవతలి జట్టు స్పిన్నర్‌కు చేతకాదు. ప్రతి బంతినీ నేలే తిప్పేస్తుంటే ఆ విద్య అవసరం ఏముంది? ఒక చోట వేగంగా వేస్తూ పోతే చాలు. 2017లో పుణెలో ఆస్ట్రేలియా స్పిన్నర్ స్టీవ్ ఓకీఫ్ రెండు ఇన్నింగ్స్‌లోనూ 35 పరుగులకు 6 వికెట్ల చొప్పున తీశాడు. మనం 105, 107కు ఆలౌటై 333 పరుగులతో ఓడాం. ఆ పిచ్‌కు ఐసీసీ ‘పూర్’ అని ముద్ర వేసింది. 2024 అక్టోబరులో మళ్లీ పుణెలోనే న్యూజిలాండ్ స్పిన్నర్ శాంట్నర్‌కు 13 వికెట్లు, ఆ తరువాత ముంబైలో ఏజాజ్ పటేల్‌కు 11. ముంబైలో 147 లక్ష్యానికి మనం 121 దగ్గర ఆగాం, సొంతగడ్డపై సిరీస్ 0-3. 2025 నవంబరులో కోల్‌కతాలో దక్షిణాఫ్రికాపై 124 లక్ష్యానికి 93. లక్ష్మణ్ 281 చేసిన ఈడెన్ గార్డెన్స్‌లోనే! తాము కోరుకున్న పిచ్ అదేనని కోచ్ గంభీర్ ఆ తరువాత చెప్పాడు. ఆ మాట విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

సాగరతీరం

మాస్టారూ, మీ కాలేజీ మ్యాచ్ సంగతి చదివి కాసేపు ఆగిపోయాను. పిచ్‌కు పాత్రే లేదన్నట్టు రాశాను, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. అయినా ఒక్క ఉదాహరణ మీ ముందు పెడతాను. 2024 జనవరి, కేప్‌టౌన్. మన సిరాజ్ మొదటి ఉదయమే 15 పరుగులకు 6 వికెట్లు తీసి దక్షిణాఫ్రికాను 55కు ఆలౌట్ చేశాడు. మనవాళ్లు 153కు నాలుగు వికెట్లతో ఉండి, ఒక్క పరుగూ చేయకుండా మిగతా ఆరు వికెట్లూ పోగొట్టుకున్నారు. మొత్తం మ్యాచ్ 642 బంతుల్లో ముగిసింది. ఫలితం తేలిన టెస్టుల్లో ఇంతకన్నా చిన్నది అంతకుముందు లేదు. అలాంటి పిచ్‌పై దక్షిణాఫ్రికా బ్యాటర్ మార్‌క్రమ్ 103 బంతుల్లో 106 చేశాడు. ఆ మ్యాచ్‌లో ఇంకెవరూ 50 కూడా చేరలేదు, కోహ్లీ 46 దగ్గర ఆగాడు. ఎంత చెడ్డ పిచ్ అయినా ఒక్కడికి దారి దొరికిందంటే మిగతావాళ్లను మనం ప్రశ్నించవద్దా?

రేగడి మాస్టారు

ప్రశ్నించాలి, నేను కాదనను. కానీ మార్‌క్రమ్ అంత గొప్పగా ఆడినా దక్షిణాఫ్రికా ఏడు వికెట్లతో ఓడింది. టాస్ గెలిచి ఆ ఉదయం మొదట బ్యాటింగ్ తీసుకున్నది వాళ్లే. అలాంటి ఉదయాన పడ్డ గుంత నుంచి ఒక్కడి సెంచరీ జట్టును బయటకు లాగలేకపోయింది. బెంగళూరులో 2024 అక్టోబరులో న్యూజిలాండ్‌తో ఆడినప్పుడు మనకూ అదే జరిగింది. వానకు పిచ్ కవర్ల కింద ఉండిపోయింది, మొదటి రోజు ఆటే లేదు, రెండో రోజు మబ్బు పట్టి ఉండగా మనం బ్యాటింగ్ తీసుకుని 46కు ఆలౌటయ్యాం. పిచ్‌ను చదవడంలో పొరపాటు చేశానని రోహిత్ తానే ఒప్పుకున్నాడు. ఎండ తగిలాక అదే చోట సర్ఫరాజ్ 150 చేశాడు, జట్టు 462 చేసింది, అయినా ఓటమి తప్పలేదు. మొదటి పూట పోయిన పరుగులు తిరిగి రాలేదు.

లీడ్స్ తెలుగు

నేను పదేళ్లుగా ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో ఉంటున్నాను. ఇక్కడి హెడింగ్లీ మైదానం దగ్గర పాత అభిమానులు చెప్పే మాట ఒకటుంది. ఇక్కడ టాస్‌కు ముందు కిందికి కాదు, పైకి చూడాలట. మబ్బు పడితే కొత్త బంతి వంకర్లు తిరుగుతుంది, ఎండ కాస్తే అదే పిచ్‌పై పరుగులు వరదలా వస్తాయి. మాస్టారు గారు చెప్పిన మట్టి, తేమలకు నేను ఆకాశాన్ని కూడా చేర్చమంటాను.

2025 జూన్‌లో ఇక్కడ జరిగిన టెస్టు చివరి రోజు నేను మైదానంలో ఉన్నాను. మనవాళ్లు 471, 364 చేశారు. ఐదు సెంచరీలు! జైస్వాల్, గిల్, రాహుల్ ఒక్కొక్కటి, పంత్ రెండు. ఒక జట్టు తరఫున ఐదు సెంచరీలు వచ్చాక కూడా ఆ జట్టు టెస్టు ఓడిపోవడం అంతకుముందు ఎప్పుడూ లేదు. ఇంగ్లండ్ 371 లక్ష్యాన్ని ఐదు వికెట్లు మిగిలి ఉండగా అందుకుంది, డకెట్ 149. నేను ఐదో రోజు పిచ్ పగులుతుందని, జడేజా తిప్పేస్తాడని భారతదేశపు అలవాటుతో ఎదురుచూస్తూ కూర్చున్నాను. అది జరగలేదు. ఇక్కడి ఎండకు, పచ్చిక వేళ్లు పట్టి ఉంచిన నేలకు ఐదు రోజుల్లో అంతగా అరిగే పని లేదు. జడేజాకు ఎడమచేతి బ్యాటర్ల ఆఫ్‌స్టంప్ బయట కాస్త గరుకు దొరికింది, డకెట్ దాన్ని కూడా రివర్స్ స్వీప్‌తో దాటేశాడు. టాస్ గెలిచి మొదట బౌలింగ్ తీసుకున్న స్టోక్స్‌ను మొదటి రోజు సాయంత్రం అందరూ తప్పుపట్టారు. చివరి ఇన్నింగ్స్ అంటే భయపడాలన్న లెక్క ప్రతి దేశంలోనూ పనిచేయదు.

ఉప్పల్ ప్రేక్షకురాలు

అందరికీ నా నమస్కారాలు. రాత్రి భోజనాలయ్యాక ఈ జవాబులన్నీ మావాడికి, మా మరిదికి చదివి వినిపించాను. మాస్టారు గారూ, మీ నాణెం అంత గుంట సంగతి విన్నాక మావాడు పెరట్లో కుండీ మట్టి తడిపి, టెన్నిస్ బంతి వేసి చూశాడు. నిజంగానే గుంట పడింది. ఎండబెట్టాడు, రేపు చూస్తాడట.

వాడిది ఇంకొక్క ప్రశ్న ఉంది. స్టేడియంలో కూర్చున్నవాళ్లకూ, టీవీలో చూసేవాళ్లకూ పిచ్‌ను చేత్తో తాకే అవకాశం ఉండదు. వ్యాఖ్యాతలు చెప్పకముందే అది మారుతోందని మనంతట మనం ఎలా కనిపెట్టాలి?

రేగడి మాస్టారు

మంచి ప్రశ్న అడిగాడు, నా ఆశీస్సులు చెప్పండి.

బంతి ఎంత తిరిగిందని చూస్తూ కూర్చోవద్దు. టీవీలో తిప్పు పెద్దదిగా కనిపిస్తుంది, మోసపోతాం. వికెట్ కీపర్ చేతులు చూడమనండి. మొదటి రోజు ఉదయం ఫాస్ట్ బౌలర్ వేసినప్పుడు కీపర్ ఎంత దూరంలో నిలబడ్డాడు, బంతిని ఛాతీ దగ్గర పట్టుకుంటున్నాడా, నడుము దగ్గరా? ఒక కాగితం మీద రాసుకోమనండి. ప్రతి సెషన్‌లోనూ అలాగే. మూడో రోజు కీపర్ రెండడుగులు ముందుకు జరిగి మోకాళ్ల దగ్గర పట్టుకుంటుంటే నేల మెత్తబడి నిదానించిందన్నమాట. ఒక బంతి ఛాతీ దగ్గర, తరువాతిది చీలమండ దగ్గర పడుతుంటే ఎత్తు కుదరడం లేదు, బౌల్డ్‌లు, ఎల్బీడబ్ల్యూలు రాబోతున్నాయి. సాగరతీరం గారు 2019లో చూసిన షమీ బంతులు అవే.

ఇంకొకటి. మొదటి రోజు తప్ప ప్రతి రోజు ఆట మొదలయ్యే ముందు, ఇన్నింగ్స్‌ల మధ్య, బ్యాటింగ్ జట్టు కెప్టెన్ కోరితే ఏడు నిమిషాలు మించకుండా రోలర్ తిప్పవచ్చు. బరువైనది అడిగాడా, తేలికైనది అడిగాడా, అసలు వద్దన్నాడా అన్నది గమనించమనండి. నెర్రెలు విచ్చిన నేలపై బరువైన రోలర్ తిప్పితే కాసేపు అణుగుతుంది, లేదా పెచ్చులు మరింత లేస్తాయి. పదిమంది కెప్టెన్లను అడిగితే పది రకాలుగా చెబుతారు.

పెరట్లోని ఆ కుండీ మట్టి ఎండాక గుంట అంచున బంతి వేసి, అది ఎటు వెళ్లిందో ఇక్కడ రాయమనండి. మట్టి ఎర్రదో నల్లదో కూడా చెప్పాలి.